ఒలీవ చెట్టు, చీనీ చెట్టు: రోమా 11లోని అంటు రూపకమును మెస్సీయ విశ్వాసులు చదివే తీరులు

లేఖనములలోని రూపకములు కఠినమైన సత్యమును తేటపరచడానికి ఇవ్వబడ్డాయని వేదాంత విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే నేర్పుతాము. అది నిజమే. కాని అతడు కాపరిగా పనిలోనికి వెళ్లిన తరువాత చూసేది వేరు. సంఘము శరీరమని నొక్కి చెప్పేవారు, సంఘము వధువని చెప్పేవారు, సంఘము ఒలీవ చెట్టు అనేవారు ఒకే బైబిలు చేతపట్టుకొని వేర్వేరు మందిరాలలో కూడుకుంటున్నారు. రూపకమును అందరూ అంగీకరిస్తారు. ఆ రూపకములో నేను ఎక్కడ ఉన్నాను, నా పొరుగువాడు ఎక్కడ ఉన్నాడు అని అడిగినప్పుడే పేచీ మొదలవుతుంది.

ఈ వ్యాసములో మేము ప్రధానంగా రోమా 11:16–24లోని ఒలీవ చెట్టును తీసుకుంటున్నాము. వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో సేవ చేసే కాపరికి ఈ వాక్యభాగము రెండు కారణాల చేత ముఖ్యము. మొదటిది, అంటుకట్టడం అంటే ఏమిటో అతని సంఘములోని రైతుకు అతనికంటె బాగా తెలుసు. రెండవది, ఇటీవలి సంవత్సరాలలో తెలుగు విశ్వాసులలో కొందరు తమను మెస్సీయ విశ్వాసులని చెప్పుకొంటూ ఆదివారపు కూడికను విడిచి శనివారము కూడుకోవడం, లేవీయకాండములోని పండుగలు ఆచరించడం, ప్రభువును 'యెషువ' అనే హెబ్రీ పేరుతోనే పిలవడం జరుగుతోంది. ఇది ఊరి సంఘములో ఒకే కుటుంబమును రెండు చేయగలదు. అన్న శనివారము, తమ్ముడు ఆదివారము. ఇద్దరినీ అడిగితే ఇద్దరూ రోమా 11వ అధ్యాయమే తెరుస్తారు.

పదమును కొంచెం తేటపరచాలి. ప్రపంచములో మెస్సియానిక్ ఉద్యమమనేది మొదట యూదులలో పుట్టినది. యేసును మెస్సీయగా ఒప్పుకొని యూదులుగానే జీవించాలనుకున్నవారిది అది. అమెరికాలో 1915లో ఏర్పడిన హీబ్రూ క్రిస్టియన్ అలయన్స్ 1975లో తన పేరును మెస్సియానిక్ జ్యూయిష్ అలయన్స్‌గా మార్చుకోవడములోనే దృష్టి మారిన సంగతి కనబడుతుంది. మన ప్రాంతములో ఆ పేరు వాడేవారు దాదాపు అందరూ అన్యజనులలోనుండి వచ్చినవారే, మన సంఘములలో బాప్తిస్మము పొందినవారే. కనుక పేరు ఒకటే గాని ప్రశ్న ఒకటి కాదు. యూదుడైన విశ్వాసి 'నేను నా చెట్టులో ఉండవచ్చునా' అని అడుగుతాడు. తెలుగు విశ్వాసి 'నేను అంటుకట్టబడిన చెట్టు ఏది' అని అడుగుతాడు.

శరీరము అనే రూపకము: ఒక పాత అనుభవము

రూపకమును బట్టి కలవడము, విడిపోవడము ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1822లో కడపలో పని ప్రారంభించిన లండన్ మిషన్ సంఘములు 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘములో చేరాయి. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య గారు మొదలైనవారు ఆరంభించిన ఐక్యతా చర్చలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘముగా ఫలించాయి. ఆ చర్చలలో ముందు నిలిచిన రూపకము శరీరము. క్రీస్తు విభజింపబడలేదు గనుక ఆయన శరీరము విభజింపబడకూడదన్నది ఒక పక్షము వాదన. అదే రూపకమును ఎదుటి పక్షమూ చూపింది. ఎఫెసీ 4:16లో శరీరము కీళ్ల ద్వారా అతుకబడి ఎదుగుతుందని ఉంది. ఆ కీళ్లు అపొస్తలుల కాలము నుండి ఎడతెగక వచ్చిన బిషప్పుల పరిచర్యయే గనుక దానిని తక్కువ చేసి కట్టే ఐక్యత అవయవములను దారముతో కుట్టినట్టు ఉంటుందని ఆంగ్లికన్లలో ఒక వర్గము భావించింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములలో ఎక్కువ భాగము 1947లో ఐక్య సంఘమునకు వెలుపలే ఉండిపోయి, 1970లలో గాని దానిలోనికి రాలేదు. జమ్మలమడుగులో డాక్టర్ క్యాంప్‌బెల్ పేరున్న లండన్ మిషన్ ఆసుపత్రి ఉన్న చోటికీ నంద్యాలకూ ఎంత దూరమో ఇక్కడి పాఠకులకు చెప్పనక్కరలేదు. ఇరువైపులా బంధువులు, ఇరువైపులా అవే కీర్తనలు. నడుమ ఎఫెసీ పత్రికలోని ఒక కీలు.

ఆ చరిత్రను ఇంతకంటె పొడిగించము. శరీరము అనే రూపకములో ముందు వెనుకలు లేవు. చెయ్యి ముందు పుట్టిందా, కన్ను ముందు పుట్టిందా అని ఎవరూ అడగరు. ఒలీవ చెట్టులో అలా కాదు. వేరు ముందు, కొమ్మ తరువాత. సహజమైన కొమ్మ ముందు, అంటు తరువాత. కాలక్రమమున్న రూపకము గనుకనే యూదులకూ అన్యజనులకూ మధ్య ఉన్న ప్రశ్న దీనిమీదికి వచ్చి కూర్చుంది.

చీనీ తోటలో రోమా 11

పులివెందుల, వేంపల్లె ప్రాంతములో చీనీ సాగు చేసే రైతుకు మొక్క ఎలా తయారవుతుందో తెలుసు. జంబేరి గాని, రంగపూర్ నిమ్మ గాని గింజవేసి పెంచుతారు. ఇవి మొరటు జాతులు. కాయ పుల్లన, తినడానికి పనికిరాదు; కాని వేరు గట్టిది, ఎండను తట్టుకుంటుంది. ఆ మొక్క కాండము పెన్సిలంత లావైన తరువాత, బాగా కాసే తల్లిచెట్టునుండి తెచ్చిన చీనీ కన్నును దాని బెరడు కింద చొప్పించి కడతారు. కన్ను పట్టుకొన్న తరువాత పైనున్న జంబేరిని కోసివేస్తారు. అంటు కిందినుండి జంబేరి చిగుళ్లు వస్తే ఎప్పటికప్పుడు తుంచివేయాలి. లేకపోతే అవి బలిసి చీనీని అణచివేస్తాయి.

ఇప్పుడు ఈ రైతు రోమా 11:17 విన్నాడనుకుందాము. అతని మనస్సులో చిత్రము వెంటనే సిద్ధమవుతుంది. వేరు అడవిది, పైనున్న అంటు మంచిది. పౌలు చెప్పినది సరిగ్గా దీనికి వ్యతిరేకము: వేరు మంచిది, అంటు అడవిది. కాపరి ఈ తేడాను గమనించకుండా 'మీ చీనీ తోటలో చేసినట్టే దేవుడు చేశాడు' అని ఉదాహరణ చెబితే, విన్నవాడు దానిని పూర్తిగా తలకిందులుగా అర్థము చేసుకుంటాడు. సంఘము తియ్యని కన్ను. ఇశ్రాయేలు పుల్లని జంబేరి. బలమైన వేరునిచ్చింది గాని దాని పని అంతటితో అయిపోయింది. ఇక దానినుండి ఏ చిగురు వచ్చినా తుంచివేయవలసిందే.

ఇది మేము ఊహించి భయపడుతున్న సంగతి కాదు. సంఘము ఇశ్రాయేలు స్థానమును ఆక్రమించిందనే బోధ, అంటే స్థానాపన్న వేదాంతము, రెండవ శతాబ్దపు జస్టిన్ మార్టర్ నాటినుండి సంఘములో బలముగా ఉంది. యూదులకు దానివలన కలిగిన నష్టము యూరపు చరిత్ర తెలిసినవారికి తెలుసు. పౌలు ఏ గర్వమును ఆపడానికి ఈ రూపకమును వ్రాశాడో ఆ గర్వమునే మన చీనీ తోట ఉదాహరణ పోషించగలదు. శనివారపు కూడికకు వెళ్లిపోయిన సహోదరుడు మనమీద వేసే నింద కూడా ఇదే: మీరు వేరును మరచిపోయారు అని. ఆ నిందలో కొంత న్యాయము ఉంది.

పౌలుకు వ్యవసాయము తెలియదా? ఈ ప్రశ్న పాతది. మూడవ శతాబ్దములోనే ఒరిగెను, పౌలు చెప్పిన క్రమము రైతులు చేసేదానికి విరుద్ధముగా ఉందని గుర్తించాడు. 1932లో సి. హెచ్. డాడ్ తన వ్యాఖ్యానములో పౌలును పట్టణవాసి అని, తోటల పని పట్టించుకోనివాడని కొంచెం ఎగతాళిగానే వ్రాశాడు. దానికి చాలా ముందే విలియం రామ్సే వేరొక మాట చెప్పాడు. మొదటి శతాబ్దపు రోమా రచయిత కొలుమెల్లా, కాపు తగ్గిన ఒలీవ చెట్టును తిరిగి బలపరచడానికి దానిలో అడవి ఒలీవ రెమ్మను చొప్పించే పద్ధతిని వర్ణించాడు గనుక పౌలు చెప్పినది బొత్తిగా లేని పని కాదన్నది ఆయన వాదన. అయితే ఆ పద్ధతిలో బలమును పొందేది పాత చెట్టు, ఇచ్చేది అడవి కొమ్మ. పౌలు వాక్యములో సారమును పొందేది అడవి కొమ్మయే. కనుక రామ్సే జవాబు సగమే సరిపోతుంది. 2003లో ఫిలిప్ ఎస్లర్ చేసిన పరిశీలన మాకు ఎక్కువ సమంజసంగా కనబడుతున్నది. పౌలుకూ అతని పాఠకులకూ మామూలు పద్ధతి తెలుసు. అతడు కావాలనే దానిని తిప్పి చెప్పాడు, అన్యజనుల విశ్వాసి తనను తాను మంచి కొమ్మ అనుకొనకుండా. 24వ వచనములో ఇది స్వభావమునకు విరుద్ధమని పౌలే ఒప్పుకొన్నాడు. తప్పు చేసినవాడు అలా ఒప్పుకొని దానిమీదనే వాదము కట్టడు.

కనుక వేంపల్లె కాపరి చీనీ ఉదాహరణను మానుకోనక్కరలేదు. దానిని తిప్పి చెప్పాలి. 'మీరు జంబేరిమీద చీనీ కడతారు. చీనీ చెట్టుమీద జంబేరి రెమ్మ కట్టి నీళ్లు పోసేవాడిని ఎక్కడైనా చూశారా? దేవుడు మనపట్ల చేసినది అది.' ఈ మాట విన్న రైతు నవ్వుతాడు, తరువాత ఆలోచిస్తాడు. ఇంకొకటి కూడా అతనికి తెలుసు. నరికివేసి గట్టుమీద పడవేసిన కొమ్మను తెచ్చి తిరిగి ఎవరూ అంటుకట్టరు. 23వ వచనములో దేవుడు అది కూడా చేయగలడని పౌలు అంటున్నాడు. రెండు అసాధ్యములను పక్కపక్కన పెట్టాడు: ఒకటి మనది, ఒకటి యూదులది.

వేరు ఏది?

మెస్సీయ విశ్వాసుల మధ్య అసలైన భేదము ఇక్కడ మొదలవుతుంది. వేరు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులని కొందరు. 16వ వచనమును, 28వ వచనములోని పితరుల ప్రస్తావనను కలిపి చదివితే ఇదే సహజమైన అర్థము. వేరు క్రీస్తేనని కొందరు. యెషయా 11లోని యెష్షయి వేరు వారికి ఆధారము. వేరు తోరా అని, ఆ సారములో పాలుపొందడం అంటే ధర్మశాస్త్రమును ఆచరించడమేనని మరికొందరు. తెలుగు మెస్సీయ కూడికలలో బలముగా వినబడేది ఈ మూడవది. కాని రోమా 11వ అధ్యాయములో ధర్మశాస్త్రము అనే మాటే లేదు. అక్కడ కొమ్మలు విరిచివేయబడినది అవిశ్వాసము వలన, నిలిచినది విశ్వాసము వలన. పండుగ ఆచరించేవానిని మేము తప్పుపట్టడము లేదు. ఆ ఆచారమునకు ఈ వాక్యమును పునాదిగా వేయడము కుదరదని మాత్రమే చెబుతున్నాము.

యూదు మెస్సియానిక్ పండితులు కూడా ఒకే మాట మీద లేరు. డేవిడ్ స్టెర్న్ 1988లో ఒలీవ చెట్టునే తన వేదాంతమునకు కేంద్రముగా చేసుకొని, సంఘము ఇశ్రాయేలును తోసివేయలేదని, దానినుండి వేరుగా కూడా లేదని వాదించాడు. మార్క్ కిన్జర్ 2005లో యూదు విశ్వాసుల సమాజము, అన్యజన విశ్వాసుల సంఘము ఒకే దేహములో రెండు ముఖములుగా ఉండాలని ప్రతిపాదించాడు. దాని ప్రకారము అన్యజనుడు యూదుని ఆచారములను ఎత్తుకోవలసిన పని లేదు. మన ఊళ్లలో తమను మెస్సీయ విశ్వాసులని పిలుచుకొనేవారు ఈ సంగతి గమనిస్తే మంచిది. అన్యజనులు యూదులవలె మారాలన్నది యూదు మెస్సియానిక్ నాయకులందరి కోరిక కాదు. రోమను కథోలిక సంఘము 1965 అక్టోబరు 28న వెలువరించిన నోస్త్రా ఎటాటే ప్రకటనలో యూదులతో తన సంబంధమును చెప్పడానికి ఈ ఒలీవ వేరునే ఆశ్రయించిందనీ గుర్తుంచుకోవాలి. ఇన్ని శతాబ్దాలు విడదీసిన వాక్యము ఒక చోటనైనా తిరిగి మాట్లాడుకోవడానికి తోవ అయింది.

రెండు కఱ్ఱలు, ఒక వంశము

ఒలీవ చెట్టు పక్కన మెస్సీయ విశ్వాసులు పెట్టే మరొక రూపకము యెహెజ్కేలు 37:15–28లోని రెండు కఱ్ఱ తునకలు. ఒకటి యూదాది, ఒకటి యోసేపుది, అనగా ఎఫ్రాయిముది. ప్రవక్త చేతిలో రెండూ ఒకటవుతాయి. క్రీ.పూ. 722లో అష్షూరు చేతిలో పడి చెదరిపోయిన ఉత్తర రాజ్యము తిరిగి కూడుకొంటుందన్నది దాని భావము. 'రెండు గృహముల' బోధ దీనిమీద కట్టబడింది. అన్యజనులలోనుండి యేసును నమ్మినవారు నిజానికి అన్యజనులు కారు, చెదరిపోయిన ఎఫ్రాయిము సంతానమే అని దాని సారాంశము. ఆదికాండము 48:19లో ఎఫ్రాయిమును గురించిన వాగ్దానములో ఉన్న హెబ్రీ మాటను రోమా 11:25లోని అన్యజనుల సంపూర్ణతతో ముడివేస్తారు. తెలుగు బైబిలులో ఆ రెండు చోట్ల వేర్వేరు మాటలు ఉన్నందున తెలుగు మాత్రమే చదివేవారికి ఈ లంకె తట్టదు. ఇది అమెరికా పుస్తకముల ద్వారా వచ్చిన బోధ. 1999లోనే మెస్సియానిక్ యూదులు దీనిని 'ఎఫ్రాయిమీయ దోషము' అని పేరుపెట్టి ఖండిస్తూ పత్రము వెలువరించారు.

ఈ బోధకు వాక్యములోనే జవాబు ఉంది. అన్యజన విశ్వాసులు చెదరిపోయిన ఎఫ్రాయిమీయులే అయితే వారు విరిచివేయబడిన సహజమైన కొమ్మలు కావాలి. పౌలు వారిని 23వ వచనములో చూపాలి. అతడు వారిని 17వ వచనములోనే, అదీ స్వభావమును బట్టి అడవి చెట్టుకు చెందినవారిగా చూపాడు. రోమా 9:25–26లో హోషేయ మాటలను అన్యజనులకు అన్వయించినది వారు ఉత్తర రాజ్యపు వంశస్థులని కాదు. జనము కానివారిని జనముగా చేయడం దేవునికి అలవాటేనని చూపడానికి.

అయినా ఈ బోధ ఎందుకు ఆకర్షిస్తుందో అర్థము చేసుకోకుండా జవాబు చెప్పినందువలన ప్రయోజనము లేదు. దీనికి తెలుగు నేలమీదనే ఒక ఉదాహరణ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయిము అనే సమాజము ఉంది. షముయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే సహోదరులు దానికి నాయకులయ్యారు. షముయేలు యాకోబి మొదట క్రైస్తవ బోధకుడే. 1990ల ఆరంభములో అక్కడ సమాజమందిరము వెలిసింది. 1994లో యెరూషలేమునుండి రబ్బీ ఎలియాహు అవిఖాయిల్ వచ్చి చూశాడు. 2002లో షముయేలు యాకోబి తమ చరిత్రను వివరిస్తూ 'ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్' అనే పుస్తకము ప్రచురించాడు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వీరిమధ్య పరిశోధించి 2013లో వ్రాసిన గ్రంథము మన గ్రంథాలయములలో ఉండదగినది. వీరు ఇప్పుడు యూదు మతమునే అనుసరిస్తున్నారు. యేసును మెస్సీయగా ఒప్పుకొనేవారు కారు గనుక వీరిని మెస్సీయ విశ్వాసులనడం సరికాదు. కాని వీరు బయలుదేరినది మన మధ్యనుండి. వీరు మాదిగ కుటుంబములవారు, బాప్టిస్టు సంఘములలో పెరిగినవారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన ఆ గొప్ప ఉద్యమపు పరంపర వారిది.

గొడ్డుమాంసము తినడం, చనిపోయినవారిని పాతిపెట్టడం వంటి ఆచారములను ఊరివారు తక్కువతనానికి గుర్తుగా ఎంచారు. బెనే ఎఫ్రాయిము వాటినే ఇశ్రాయేలు వంశమునకు గుర్తుగా చదువుకొంది. ఈశాన్య భారతములోని బెనే మెనష్షేను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరు గుర్తించారు. వీరికి అటువంటి గుర్తింపు రాలేదు. చరిత్ర పరముగా వారి వాదన నిలుస్తుందా అని అడిగే ముందు కాపరి మరొక ప్రశ్న వేసుకోవాలి. బాప్తిస్మము పొంది నూరు సంవత్సరములు దాటినా మన సంఘములో తన కులము తనను వదలకపోతే, ఆ మనిషి కులము కంటె పాతదైన వంశమును వెదకడములో ఆశ్చర్యమేముంది? మాల మందిరము, మాదిగ మందిరము అని ఊళ్లలో ఇప్పటికీ పిలుస్తుంటే 'మీరు అడవి కొమ్మలు' అనే మాట అతనికి సువార్తగా వినబడదు. ఊరు ఎప్పుడూ అతనితో అంటున్న మాటగానే వినబడుతుంది.

ఇక్కడ తెలుగు భాష మనకు ఇచ్చిన ఒక సంగతి ఉంది. వ్యాఖ్యాతలు దీనిని తగినంత వాడుకోలేదని మా అభిప్రాయము. 'అంటు' అనే మాటకు తోటలో ఒక అర్థము, ఇంటిలో ఒక అర్థము. తోటలో అంటు అంటే ఒక చెట్టును మరొక చెట్టుతో కలిపేది. ఇంటిలో అంటు అంటే మైల. తాకడము, పట్టుకొని ఉండడము అనే ఒకే క్రియనుండి రెండూ వచ్చాయి. 'అంటరాని' అనే మాట కూడా దానినుండే పుట్టింది. గ్రీకులో గాని ఇంగ్లీషులో గాని ఈ సంబంధము లేదు. 19వ శతాబ్దములో కడప లండన్ మిషన్ సంఘములలో చేరిన మాలలకు, ఒంగోలులో చేరిన మాదిగలకు 'మీరు అంటుకట్టబడ్డారు' అని తెలుగులో ప్రకటించినప్పుడు, ఎవరినైతే అంటకూడదని ఊరు అన్నదో వారిని దేవుడు తన చేతితో పట్టి, బెరడు తెరచి, లోపల పెట్టి కట్టాడని దాని అర్థము. అంటు పట్టాలంటే రెండింటికీ కోత పడాలి. కోత కోతకు తగలాలి. దూరమునుండి అంటు కట్టడం ఏ తోటమాలి చేతా కాదు.

ఈ విధముగా చదివితే అడవి కొమ్మ అనే పేరులో అవమానము మిగలదు. వంశమును వెదకవలసిన అవసరమూ తగ్గుతుంది. అయితే ఇది ప్రసంగములో చెప్పి ఊరుకొనే మాట కాదు. ప్రభురాత్రి భోజనపు బల్లయొద్ద, స్మశానస్థలముయొద్ద, పెండ్లి సంబంధములయొద్ద ఇది నిజము కాకపోతే యెహెజ్కేలు కఱ్ఱలను గురించి మనము చేసే వివరణ ఎవరినీ ఆపలేదు.

ఛాయ

పండుగల విషయము క్లుప్తముగా చెబుతాము. కొలొస్సీ 2:16–17లో పండుగలు, విశ్రాంతిదినములు రాబోవువాటి ఛాయ అని పౌలు అంటాడు. ఆదివారపు సంఘము ఈ మాటను 'వట్టి నీడ, ఇక అక్కరలేదు' అని చదువుతుంది. కాని మే నెలలో వేంపల్లె రోడ్డుమీద నడిచినవానికి నీడ వట్టిది కాదు. 'తండ్రి ఛాయలు కొడుకులో ఉన్నాయి' అన్నప్పుడు ఛాయ అంటే పోలిక. మెస్సీయ విశ్వాసి ఈ రెండు అర్థములను పట్టుకొని పండుగలలో క్రీస్తు పోలిక ఉందని, వాటిలో ఆశ్రయము ఉందని అంటాడు. పౌలు ఉద్దేశము మాత్రము ఛాయను నిందించడమూ కాదు, దానిలోనే నిలిచిపోమనడమూ కాదు. ఛాయను బట్టి ఎవడూ ఎవనికీ తీర్పు తీర్చకూడదన్నది 16వ వచనపు ఆజ్ఞ. అది ఇరుపక్షములకూ వర్తిస్తుంది.

లేవీయకాండము 23ను తెలుగు నేలమీద విభజన లేకుండా వాడుకొన్న ఉదాహరణ కూడా మనకు ఉంది. బక్త్ సింగ్ గారు 1941నుండి మద్రాసులో, తరువాత హైదరాబాదులోని హెబ్రోనులో జరిపిన పరిశుద్ధ సమాజకూటములకు ఆ అధ్యాయమే ఆధారము. విశ్వాసులు పందిళ్లలో కలిసి దిగి, కలిసి కూర్చొని ప్రేమవిందు తిన్నారు. ఆయన పండుగల తేదీలను ధర్మశాస్త్రముగా విధించలేదు; పండుగలోని కూడికను తీసుకొన్నాడు. అదే పంక్తిలో ఏ కులమువాడు ఎవని పక్కన కూర్చున్నాడో ఆలోచించినవారికి ఆ అన్వయము ఎంత దూరము వెళ్లిందో తెలుస్తుంది. (1938లో ఎం. దేవదాసు అయ్యగారు ఆరంభించిన బైబిలు మిషనులో వధువు అనే రూపకము చేసిన పని వేరొక వ్యాసమునకు తగిన విషయము.)

కాపరి చేతిలో

శనివారమును ఆచరించే కుటుంబము వచ్చి బల్లలో పాలుపొందవచ్చునా అని కాపరి అడగబడినప్పుడు, రోమా పత్రికలోనే 14:5–6లో జవాబు ఉంది. దినమును లక్ష్యపెట్టువాడు ప్రభువు కొరకే లక్ష్యపెడుతున్నాడు. అతనిని నిరాకరించే అధికారము ఆ వచనము మనకు ఇవ్వదు. అదే కుటుంబము ఆదివారపు విశ్వాసిని వేరులేని కొమ్మ అని పిలిస్తే, వారిని గద్దించే బాధ్యతను 11:18 మనకు ఇస్తుంది.

ఈ భాగమును బోధించేటప్పుడు రెండు చిన్న మాటలు జారిపోకుండా చూసుకోవాలి. ఒకటి 17వ వచనములోని 'కొన్ని'. విరిచివేయబడినవి కొమ్మలలో కొన్ని మాత్రమే. ప్రసంగములలో ఈ మాట ఎంత సులభముగా పోతుందో గమనించండి. 'ఇశ్రాయేలు విరిచివేయబడింది, మనము కట్టబడ్డాము' అంటాము. పౌలు అలా వ్రాయలేదు. మిగిలిన కొమ్మల మధ్యన మనలను పెట్టాడు. 1989లో వచ్చిన ఒక ప్రసిద్ధ ఇంగ్లీషు అనువాదము ఇక్కడ 'వాటి స్థానములో' అనే భావము వచ్చేటట్టు తర్జుమా చేసింది. మన తెలుగు బైబిలు 'వాటి మధ్యన' అని గ్రీకునకు దగ్గరగా నిలిచింది. ఇంగ్లీషు వ్యాఖ్యానములు చూసి ప్రసంగము సిద్ధపరచే విద్యార్థి ఇక్కడ తెలుగునే నమ్మవచ్చు.

రెండవది 'నీవు'. 13వ వచనములో పౌలు అన్యజనులందరినీ 'మీరు' అని సంబోధించాడు. 25వ వచనములో మరల 'మీరు'. మధ్యలో, 17నుండి 24వరకు, చెట్టు కనబడినంతసేపు, ఏకవచనము: నీవు. ఇంగ్లీషులో ఈ భేదము కనబడదు, తెలుగులో స్పష్టముగా కనబడుతుంది. హెచ్చరిక అన్యజన జాతులన్నిటికీ కలిపి ఇచ్చినది కాదు, రోమాలోనో వేంపల్లెలోనో బెంచీమీద కూర్చున్న ఒక మనిషికి ఇచ్చినది. శనివారము కూర్చున్నవానికి, ఆదివారము కూర్చున్నవానికి కూడా పౌలు ఆ 'నీవు'తోనే మాట్లాడుతున్నాడు. పుల్పిట్‌లో నిలబడినవాడు ఆ వచనములను చదివేటప్పుడు దానిని 'వారు' అని మార్చకుండా చదవాలి.